కొట్టివేత కనబడాలి

బ్యాంకులో చేరిన మొదటి వారంలోనే మాకొక పాఠం చెప్పేవారు. లెడ్జరులో అంకె తప్పు పడితే చెరపకూడదు, దాని మీదే దిద్దకూడదు, కాగితం చించకూడదు. తప్పు అంకె మీద ఒక్క అడ్డగీత గీసి, పైన సరైన అంకె వేసి, అధికారి చేత పొట్టి సంతకం పెట్టించాలి. గీత కింద పాత అంకె చదవడానికి వీలుగా ఉండాలి. ఇప్పుడు లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చాయిగాని సూత్రం మారలేదు. యంత్రంలోనూ తప్పు పద్దును మాయం చేయం, ఎదురు పద్దు వేసి సరిచేస్తాం. కొట్టివేత కనబడాలి. లెక్కల్లో నిజాయితీ అంటే అదే.

ఈ సంగతికీ వృద్ధుల సంరక్షణకూ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. నాలుగేళ్ళుగా ఒక వృద్ధాశ్రమం జమాఖర్చులు చూస్తున్నవాడిగా నాకు తోచిన సంబంధం చెబుతాను. నేను బి.కాం. చదివినవాణ్ణి. వైద్యం తెలియదు, నర్సింగు తెలియదు. రిజిస్టర్లు చదవడం మాత్రం వచ్చు.

ముందు మన సంగతి. మనలో కొందరికి బెంగళూరు పుట్టిన ఊరే. కోలారు, బళ్ళారి వైపువారికి ఇది పరాయి నేల కానే కాదు. మిగిలినవాళ్ళం అనంతపురం నుంచో, చిత్తూరు నుంచో, కర్నూలు నుంచో ఉద్యోగాలకు వచ్చి ఉండిపోయాం. ఊళ్ళో పెద్దవాళ్ళు ఒంటరివాళ్ళైతే ఇక్కడికి తెచ్చుకున్నాం. ఇప్పుడు మన పిల్లలు సముద్రాలు దాటారు. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 ఏళ్ళు నిండినవారు 10 కోట్ల 38 లక్షలు. పాతికేళ్ళ కిందట వృద్ధాశ్రమం అన్నమాట మన ఇళ్ళలో తిట్టులాగా వినబడేది. ఇవాళ పెళ్ళి భోజనాల దగ్గర పక్కన కూర్చున్నవారు గొంతు తగ్గించి, "మీ అత్తగారిని ఎక్కడ ఉంచారు? అక్కడ బాగుందా?" అని అడుగుతున్నారు. ఆ "బాగుందా" అన్న ప్రశ్నకు జవాబు ఎక్కడ వెతకాలన్నదే ఈ వ్యాసం.

ఈ ఊరికి ఈ పని కొత్తది కాదు. హోసూరు రోడ్డులో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అనే క్రైస్తవ సన్యాసినులు 1900 నుంచి పేద వృద్ధులకు ఆశ్రయమిస్తున్నారు. ఆ సంస్థకు ఆద్యురాలు జాన్ జుగాన్ అనే ఫ్రెంచి స్త్రీ, ఆమె కూడా పేదరాలే. 1839లో చూపులేని ఒక ముసలమ్మను తన గదికి తెచ్చి, తన పడక ఆమెకిచ్చి, అలా మొదలుపెట్టింది. ఇక మన కాలానికి వస్తే, 1998లో బెంగళూరులో నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు ఏర్పడింది. 2002లో నగర పోలీసులతో కలిసి వృద్ధుల కోసం 1090 సహాయవాణి నడపడం మొదలుపెట్టింది. తరువాత కస్తూరినగర్‌లో మతిమరుపు వ్యాధి వచ్చినవారు ఉండేందుకు ఒక కేంద్రం తెరిచింది. వృద్ధులను చూసుకునేవారికి శిక్షణ ఇచ్చే పనీ చేస్తూ వచ్చింది.

ఈ రెండింటినీ చెప్పడంలో నా ఉద్దేశం ఒకటుంది. సన్యాసిని పనిలోకి వచ్చేటప్పుడు వ్రతం పట్టి వస్తుంది. ఆమెకు జీతం ప్రసక్తి లేదు, ఇల్లూ వాకిలీ అదే. శిక్షణ పొందిన ఉద్యోగిని పనిలోకి వచ్చేటప్పుడు వృత్తి పట్టుకుని వస్తుంది. మన చిన్న చిన్న ట్రస్టులు నడిపే ఆశ్రమాల్లో ఆయాకు వ్రతమూ లేదు, చాలాసార్లు శిక్షణా లేదు. ఇంటి అద్దె ఉంది, పిల్లల ఫీజు ఉంది. మనం మాత్రం ఆమె దగ్గర వ్రతం పట్టినవారి సేవ ఆశిస్తాం. "ఇది ఉద్యోగం కాదమ్మా, సేవ" అని చేరిన రోజే చెబుతాం. ఆ మాట ఎక్కువగా జీతం పెంచమని అడిగిన రోజున వినబడుతుందని నేను గమనించాను.

నేను లెక్కలు చూసే ఆశ్రమం పేరు అనవసరం. ఊరికి ఉత్తరాన రెండంతస్తుల భవనం, ముప్పైనాలుగు మంది వృద్ధులు. అందులో తొమ్మిదిమంది మంచం దిగలేనివారు. కమిటీవారందరూ మంచివారే, ఒక్క రూపాయి తినేవారు లేరు. ఆడిటు కాగితాలు సరిచూడడానికి ఒక బ్యాంకు మనిషి ఉంటే మంచిదని ఒక మిత్రుడు నన్ను అక్కడికి తీసుకెళ్ళాడు.

నేను చేరిన కొత్తలోనే ఒక ఉదంతం జరిగింది. ఎనభైమూడేళ్ళ పెద్దాయన ఒకరు రాత్రి స్నానాలగది దారిలో పడ్డారు. తెల్లవారి రిజిస్టరులో "రాత్రి అంతా క్షేమం" అని ఉంది. పెద్దాయనకు మాట తడబాటు, సరిగా చెప్పుకోలేరు. రెండు రోజుల తరువాత కాలు కదపలేకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తుంటి ఎముక విరిగింది. కమిటీ అత్యవసరంగా కూర్చుంది. రాత్రి డ్యూటీ ఆయాను తీసేయాలని, వరండాల్లో కెమెరాలు పెట్టాలని రెండు తీర్మానాలు సిద్ధంగా ఉన్నాయి.

ఓటుకు ముందు పాత రిజిస్టర్లు చూస్తానని అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. మంచం దిగలేనివారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే వీపున, తుంటి దగ్గర ఒత్తిడికి పుండ్లు పడతాయి. బెడ్ సోర్లు అంటారే, అవి. అందుకని ఒక్కొక్కరికి ఒక పేజీ, పేజీలో పది, పన్నెండు, రెండు, నాలుగు, ఆరు గంటలకు గళ్ళు, గళ్ళలో టిక్కులు. ఏ ఒక్క గడీ ఖాళీ లేదు. నేను ముప్పై ఏళ్ళు సంతకాలు పోల్చి చూసినవాణ్ణి. అయిదు టిక్కులూ ఒకే సిరా, ఒకే వాలు, ఒకే ఒత్తిడి. రాత్రంతా అయిదుసార్లు వేసినవి కావు, తెల్లవారుజామున ఒక్కసారి కూర్చుని వేసినవి.

అక్కడితో ఆగితే ఆయా అబద్ధాలకోరు అని తేలిపోయేది. కాని లెక్క ఇంకా మిగిలి ఉంది. ఒక మనిషిని తిప్పి, పక్కబట్ట సరిచేసి, తడి చూసి, దిండు పెట్టడానికి ఇద్దరు కలిస్తే పది నిమిషాలు. తొమ్మిదిమందికి తొంభై. ప్రతి నూట ఇరవై నిమిషాల్లో తొంభై దీనికే పోతే మిగిలేది ముప్పై. ఆ ముప్పైలో మిగతా ఇరవైఐదుమందికి మంచినీళ్ళు, మూత్రానికి లేచేవారికి ఆసరా, మోగిన ప్రతి గంటకూ పలకడం, మేడ ఎక్కి దిగడం. రాత్రి డ్యూటీలో ఉన్నది ఇద్దరే. అందులో ఒకరికి అదే వారంలో నాలుగో రాత్రి. అంటే చేయడానికి వీలుకాని పనిని చేసినట్టు రాయమని పుస్తకం అచ్చువేయించి ఇచ్చింది మా కమిటీయే. ఆ టిక్కులు ఆమె చేతివే, వేయించింది మాత్రం ఆమె కాదు.

ఆయాతో మాట్లాడాను. కోలారు జిల్లా నుంచి వచ్చిన మనిషి, తెలుగే. మొదట చాలాసేపు ఏమీ చెప్పలేదు. ఆఖరికి అంది: "పోయిన సంవత్సరం ఒకామె నిజం రాసింది సార్. ముసలమ్మ జారి పడిందని రాసింది. రెండు దినాల జీతం పట్టుకున్నారు. మేమంతా చూసినాం గదా."

నేను జీతాల రిజిస్టరు తీశాను. పట్టుకున్నారు. ఆ నెల జీతాలు ఇచ్చిన వోచరు మీద కారణం "అజాగ్రత్త" అని ఉంది. ఆ వోచరు తరువాత పడిపోవడాల గురించి రిజిస్టరులో రాతలు దాదాపు ఆగిపోయాయి. వృద్ధులు పడడం మానేశారా? రాయడం మానేశారు. బ్యాంకులో ఒక క్యాషియరు సాయంత్రం లెక్క కుదరలేదని తనంతట తాను వచ్చి చెబితే, అతణ్ణి అందరి ముందూ దొంగ అన్న మేనేజరుకు మరుసటి నెల నుంచి ఏ క్యాషియరూ ఏదీ చెప్పడు. లెక్క రోజూ కుదురుతూనే ఉంటుంది, ఇనస్పెక్షను వచ్చేదాకా.

నమ్మకం అన్నప్పుడు మనం ఎప్పుడూ సిబ్బంది యజమాన్యానికి నమ్మకంగా ఉండాలనే అనుకుంటాం. రెండోవైపు చూడం. మా బ్యాంకులో ఇరవైరెండేళ్ళ కుర్రవాడికి చేరిన కొద్ది నెలలకే లక్షల రూపాయల నగదు అప్పగిస్తాం. ఆశ్రమంలో ముప్పైనాలుగు ప్రాణాలు అప్పగించిన మనిషి సంచిని సాయంత్రం గేటు దగ్గర వాచ్‌మన్ చేత వెదికించేవారు. ప్రాణానికి పనికివచ్చిన నమ్మకం సబ్బుబిళ్ళకు పనికిరాలేదన్నమాట.

ఈ విషయంలో విదేశంలో జరిగిన ఒక పరిశోధన చెప్పుకోదగినది. ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికాలో రెండు ఆసుపత్రుల వార్డుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించింది. బాగా కలిసి పనిచేసే నర్సుల జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకుంది. లెక్క తిరగబడింది, మంచి జట్లలోనే ఎక్కువ నమోదయ్యాయి. లోతుగా చూస్తే తేలిందేమంటే, అక్కడివారు ఎక్కువ పొరపాట్లు చేయడం లేదు, చేసినవి దాచకుండా చెప్పుకుంటున్నారు. వార్డు పెద్దకు భయపడేచోట పుస్తకం శుభ్రంగా ఉంది. ఆమె వ్యాసం 1996లో వచ్చింది. అది నేను చదివింది ఈ గొడవ జరిగిన తరువాతే. చదివినప్పుడు మా వోచరు గుర్తుకొచ్చింది.

కమిటీ ముందు నేను ఉపన్యాసం ఇవ్వలేదు, ఒక కాగితం పెట్టాను. ఆ ఏడాది పదకొండు ఆయా ఉద్యోగాల్లోకి వచ్చి పోయినవారు తొమ్మిదిమంది. ఒక్కొక్కసారి ఏజెన్సీకి కట్టిన కమీషను "ఇతర ఖర్చులు" కింద ఉంది. పుండ్లకు కట్లు, మందులు "వైద్యం" కింద ఉన్నాయి. తుంటి ఆపరేషనుకు ట్రస్టు ఇచ్చిన సాయం "దానధర్మాలు" కింద ఉంది. మూడుచోట్ల విడివిడిగా ఉన్నందువల్ల ఎవరి కంటా పడలేదు. మూడూ ఒకచోట కూడితే, రాత్రికి ఇంకొక ఆయాను పెట్టడానికి, అందరి జీతాలూ కొంత పెంచడానికి అయ్యే మొత్తానికి ఇంచుమించు సరిపోయింది. కార్యదర్శిగారు కాగితం రెండుసార్లు చదివి, "అంటే మనం ఇప్పటికే ఖర్చుపెడుతున్నామా?" అన్నారు. పెడుతున్నామండీ, తప్పుడు పద్దు కింద.

ఆయాను తీసేయలేదు. కెమెరాల తీర్మానం వాయిదా పడింది. రాత్రికి మూడో మనిషి వచ్చింది. వరసగా మూడు రాత్రులకు మించి ఎవరికీ వేయకూడదన్నారు. జీతం ఒకటో తేదీన ఇవ్వాలని, నియామకపత్రం చేతికివ్వాలని నిర్ణయమైంది. గేటు దగ్గర సంచుల తనిఖీ మానేశారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక్క వాక్యం. జరిగిన రాత్రే రాసిన దానికి ఎవరి జీతమూ కోయరు. దాచినదానికి మాత్రం విచారణ ఉంటుంది. మా లెడ్జరు సూత్రమే ఇది.

మొదటి మూడు నెలలకు ఫలితం చూసి కమిటీ కంగారుపడింది. అంతకు ముందు మూడు నెలల్లో పడిపోవడాలు రెండు. ఇప్పుడు పదకొండు. "మీరు వచ్చాక ఎక్కువైందేమిటి?" అని ఒక సభ్యుడు నన్నే అడిగారు. ఒక దాత కుటుంబం ఆ లెక్క విని విరాళం ఆపేసింది కూడా. ఆ రెండు నెలలూ మేము ఇబ్బందిపడ్డాం. కాని ఆ పదకొండు రాతల్లో వేళలు ఉన్నాయి, చోట్లు ఉన్నాయి. ఏడు సంఘటనలు తెల్లవారి నాలుగుకూ ఆరుకూ మధ్య, అన్నీ మంచానికీ మరుగుదొడ్డికీ మధ్య. ఆ వేళకు ఆయాలు వంటింట్లో కాఫీ నీళ్ళకు సాయంగా వెళుతున్నారని తేలింది. వంటమనిషిని అరగంట ముందు రమ్మన్నారు. ఆ దారిలో రాత్రి దీపం పెట్టి, గోడకు పట్టుకునే కడ్డీ వేయించారు. తెల్లవారుజామున పడేవాళ్ళు బాగా తగ్గారు. నిజం రాసుండకపోతే ఆ కడ్డీ ఎక్కడ వేయించాలో ఎవరికి తెలిసేది?

నెలకొకసారి ఆయాలతో, వంటవారితో, ఊడ్చేవారితో కలిసి కూర్చోవడం కూడా మొదలైంది. మొదటి రెండు సమావేశాల్లో ఎవరూ నోరు విప్పలేదు. మూడోదాంట్లో ఝార్ఖండ్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి లేచింది. మేడమీద గదిలో మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక పంతులమ్మగారు ఉన్నారు. మతిమరుపు వ్యాధి. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో కన్నడం చక్కగా మాట్లాడినావిడ, ఇప్పుడు ఆ భాష జారిపోయి తెలుగు ఒక్కటే మిగిలింది. ఆవిడ ఏదో అడుగుతారు, అమ్మాయికి అర్థం కాదు, ఆవిడ ఏడుస్తారు. "నాకు ఆ మాటలు రాసివ్వండి" అని అడిగింది ఆ అమ్మాయి. దప్పిక, నొప్పి, చలి, మజ్జిగ, దొడ్డికి, భయం వంటివి ఇరవై మాటలు నాగరి లిపిలో రాసి గోడకు అంటించాం. వారంలో నేర్చుకుంది.

మనలాంటి రెండు మూడు భాషలవాళ్ళకు ఇది పట్టించుకోవలసిన సంగతి. ఇప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉన్న డాక్టరు సువర్ణ అల్లాడి, హైదరాబాదు నిమ్స్‌లో ఉండగా, ఇతర పరిశోధకులతో కలిసి 648 మంది రోగులను పరిశీలించారు. ఒకటికి మించి భాషలు వచ్చినవారికి మతిమరుపు వ్యాధి దాదాపు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వస్తోందని 2013లో ప్రకటించారు. మనకు సంతోషకరమే. కాని ఆ వ్యాధి వచ్చాక చాలామంది తరువాత నేర్చిన భాషను వదిలి అమ్మ నేర్పిన భాషకు తిరిగి వెళ్ళిపోతారు. అప్పుడు మంచం పక్కనుండేది ఝార్ఖండ్ అమ్మాయో, ఒడిశా అమ్మాయో. ఇరవై మాటల జాబితా ఏ కమిటీకీ తట్టలేదు. రాత్రిళ్ళు ఆ ఏడుపు విన్న మనిషికి తట్టింది. అడిగితే తిట్టరన్న ధీమా వచ్చాకనే అడిగింది.

నమ్మకం అంటే తనిఖీ లేకపోవడం కాదు. మా స్ట్రాంగ్‌రూముకు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. అది అవమానమని ఏ అధికారీ అనుకోడు, ఎందుకంటే ఆ నియమం మేనేజరుకూ ఉంది. వృద్ధుల మీద చెయ్యెత్తినవారికి, వారి సొమ్ము తీసినవారికి ఏ క్షమా ఉండకూడదు. ఆ సంగతిలో మా కమిటీ మెత్తబడలేదు, ఒకరిని ఆ నెలలోనే పంపించింది కూడా. అలసటకూ క్రూరత్వానికీ తేడా తెలుసుకోవాలన్నదే నా మనవి. అన్నీ చక్కబడ్డాయనీ అనను. మేము నిలుపుకోవాలనుకున్న ఒక మంచి ఆయా, పీణ్యలో బట్టల ఫ్యాక్టరీలో ఆదివారం సెలవు దొరుకుతుందని వెళ్ళిపోయింది. ఆదివారం సెలవు మేమింకా ఇవ్వలేకపోతున్నాం.

1990-91లో గోయిపోరియా కమిటీ బ్యాంకుల్లో ఖాతాదారుల సేవ గురించి సిఫార్సులు చేసింది. ఏ పనికి ఎన్ని నిమిషాలో బోర్డులు రాయించి గోడలకు తగిలించాం. మంచిదే. కాని కౌంటరులో ఇద్దరు చేయవలసిన చోట ఒకరే ఉంటే ఆ బోర్డు ఖాతాదారుకూ గుమాస్తాకూ మధ్య తగాదాకే పనికివచ్చింది. అలాగే 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. జిల్లాకు కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా రాష్ట్రాలు ఆశ్రమాలు నెలకొల్పవచ్చని, వాటి ప్రమాణాలు నిర్ణయించవచ్చని అందులో ఉంది. మంచాలెన్ని ఉండాలో చట్టం చెప్పగలదు. రాత్రి రెండింటికి జరిగినదాన్ని ఆయా ధైర్యంగా రాస్తుందా లేదా అన్నది ఆ ఇల్లు నడిపేవారి చేతిలో ఉంది.

మనలో చాలామంది త్వరలోనే అమ్మ కోసమో, అత్తగారి కోసమో, దాచుకోవడమెందుకు, మన కోసమే ఒక ఇల్లు చూడడానికి వెళతాం. వెళ్ళినప్పుడు తోట, పూజగది, భోజనాల హాలు చూపిస్తారు. చూడండి. ఆ తరువాత మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ పనిచేసేవారు ఎన్నేళ్ళుగా ఉన్నారు? రాత్రికి ఎంతమంది ఉంటారు? పోయిన ఆరు నెలల్లో ఎంతమంది పడ్డారు? మూడోదానికి "మా దగ్గర ఎవరూ పడరండీ" అన్న జవాబు వస్తే ఇంకొక ఇల్లు చూసుకోండి. మేనేజరు కాస్త ఇబ్బందిపడుతూ రిజిస్టరు తెచ్చి, "ఏడుగురండీ, ఇదిగో, ఇలా జరిగింది, ఇలా చేశాం" అంటే కూర్చోండి, మాట్లాడండి. వచ్చేటప్పుడు ఆ రాసిన ఆయాను పలకరించి రండి. ఆమెది ఏ ఊరో కనుక్కోండి. ఎవరైనా అడిగి చాలా రోజులై ఉంటుంది.